లైనక్స్ సర్వర్ నుంచి పెద్ద ఫైళ్లను టోరెంట్‌లో పంచడం ఎలా: అంతా కమాండ్ లైన్‌లోనే

మీ దగ్గర 40 జీబీ ఫోల్డర్ ఉంది, యాభై మందికి చేరాలి అనుకుందాం. సర్వర్‌లో పెట్టి మామూలు డౌన్‌లోడ్ లింక్ ఇస్తే యాభై మందీ ఆ ఒక్క సర్వర్ మీదే పడతారు. 40 యాభైలు 2,000 జీబీ, అంటే రెండు టెరాబైట్లు మీ సర్వర్ నుంచే బయటికి పోవాలి. క్లౌడ్ బిల్లు కట్టేవాళ్లకు ఆ అంకె బరువేమిటో తెలుసు. పైగా ముప్పయ్యో జీబీ దగ్గర కరెంటు పోయినవాళ్లలో చాలామంది మళ్లీ మొదటికి వస్తారు.

టోరెంట్‌లో ఆ ఫోల్డర్ చిన్న చిన్న ముక్కలవుతుంది. ముందు దించుకున్నవాళ్లు తమ దగ్గరున్న ముక్కల్ని తరవాతివాళ్లకు ఇస్తారు. నెట్ పోయినా ఆగిన చోటి నుంచే సాగుతుంది. ప్రతి ముక్కకూ ఒక హ్యాష్, అంటే వేలిముద్ర, ఉంటుంది కాబట్టి దారిలో చెడిపోయిన ముక్కను క్లయింటు (టోరెంట్ నడిపే ప్రోగ్రామ్) ఒప్పుకోదు, మళ్లీ తెప్పించుకుంటుంది. బ్రామ్ కోహెన్ 2001లో విడుదల చేసిన పద్ధతి ఇది. డెబియన్, ఉబుంటు తమ ఐఎస్ఓలను (ఇన్‌స్టాల్ చేసుకునే డిస్కు ఫైళ్లను) ఇప్పటికీ ఇలా కూడా ఇస్తున్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ చాలా వస్తువులకు టోరెంట్ లింక్ ఉంటుంది.

ఇక్కడ ఉదాహరణకు కాపీరైట్ తీరిపోయిన పాత తెలుగు పుస్తకాల స్కాన్లు 40 జీబీ తీసుకుందాం. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది జనవరి నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1964లో పోయిన రచయిత పుస్తకం 2025 జనవరి 1న అందరిదీ అయింది. అయితే ఆ ప్రతిలో కొత్త పీఠిక, కొత్త అనువాదం ఉంటే వాటి హక్కులు వేరు. ఈ పని టోరెంట్ చేయక ముందే చూసుకోండి. ఒకసారి జనంలోకి వెళ్లిన టోరెంట్‌ను వెనక్కి పిలవడం ఎవరి తరమూ కాదు.

ఒక్క మాట. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాశాం. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన ప్రతిచోటా విడిగా చెప్పాం. గీతలు, చుక్కలు, అంకెలు ఉన్నవి ఉన్నట్టే.

సరంజామా

డెబియన్ లేదా ఉబుంటు సర్వర్, దానికి పబ్లిక్ ఐపీ, సుడో హక్కు ఉన్న లాగిన్, ఫోల్డర్ పట్టేంత డిస్కు. ఇంతే. సర్వర్ ఇచ్చిన కంపెనీ నిబంధనల్లో టోరెంట్ గురించి ఏముందో ముందే చదవండి. కొన్ని కంపెనీలు ఫైలు ఏదైనా సరే, టోరెంట్ కనిపిస్తే చాలు, ఖాతా ఆపేస్తాయి.

సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ట్రాన్స్‌మిషన్-డీమన్ ట్రాన్స్‌మిషన్-సీఎల్ఐ ఎంకేటోరెంట్ టీమక్స్ ఆర్‌సింక్

డీమన్ అంటే వెనక నిరంతరం నడుస్తూ ముక్కలు పంచేది. సీఎల్ఐ ప్యాకేజీలో మనకు కావలసిన మూడు పనిముట్లున్నాయి: టోరెంట్ తయారుచేసే ట్రాన్స్‌మిషన్-క్రియేట్, అందులో ఏముందో చూపించే ట్రాన్స్‌మిషన్-షో, డీమన్‌కు ఆజ్ఞలిచ్చే ట్రాన్స్‌మిషన్-రిమోట్. ఆర్‌టోరెంట్, క్యూబిట్‌టోరెంట్-నాక్స్ కూడా మంచివే. కానీ స్క్రీన్ లేని సర్వర్‌లో పెట్టేసి నెలల తరబడి మరిచిపోవడానికి ట్రాన్స్‌మిషనే నయం, తక్కువ మెమరీతో గడిపేస్తుంది. డెబియన్ 12లో దాని 3.00 వస్తుంది, ఉబుంటు 24.04లో 4.0. ఈ తేడా కింద ఒకచోట పనికొస్తుంది.

ఫోల్డర్‌ను సిద్ధం చేయడం

అసలు పని ఇక్కడే ఉంది. తరవాత తగిలే తలనొప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడ తొందరపడటం వల్ల వచ్చేవే.

ఫైళ్లను మీ హోమ్ డైరెక్టరీలో పెట్టకండి. డీమన్ మీ పేరుతో నడవదు, డెబియన్-ట్రాన్స్‌మిషన్ అనే వేరే యూజర్ పేరుతో నడుస్తుంది. ఉబుంటులో 21.04 నుంచి కొత్త హోమ్ డైరెక్టరీలకు 750 అనుమతి, అంటే ఇతరులు గడప కూడా దాటలేరు. లోపలి ఫైలుకు 777 ఇచ్చినా గడప దగ్గరే ఆగిపోతారు. అందుకని విడిగా ఒక చోటు చేసుకోండి:

సుడో ఎంకేడిర్ -పి /ఎస్ఆర్‌వీ/షేర్/బుక్స్-2025

మీ కంప్యూటర్ నుంచి సర్వర్‌కు ఎక్కించడానికి ఎస్‌సీపీ వద్దు, ఆర్‌సింక్ వాడండి. -ఏ -వీ -పి అనే మూడు ఆప్షన్లతో (ఈ పి మాత్రం పెద్దక్షరం) ఎక్కిస్తే మధ్యలో తెగినా మిగతాది మాత్రమే ఎక్కుతుంది. ముందుగా ఆ ఫోల్డర్‌ను సుడో చౌన్‌తో మీ లాగిన్ పేరు మీదికి మార్చుకోండి, లేకపోతే ఆర్‌సింక్ రాయలేదు. 40 జీబీని ఒక జిప్‌గా కట్టాలనే ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. పీడీఎఫ్, జేపెగ్ ఇప్పటికే కుదించినవే, జిప్ చేస్తే పెద్దగా తగ్గవు. ఫోల్డర్‌గానే ఉంచితే ఒక్క పుస్తకమే కావలసినవాళ్లు దాన్ని మాత్రమే ఎంచుకుని దించుకోవచ్చు. పక్క ఫైలులోంచి ఒకటి రెండు ముక్కలు అదనంగా వస్తాయి, అంతే.

ఇప్పుడు పేర్ల సంగతి. తెలుగులో పేర్లు పెట్టిన ఫైళ్లకు లైనక్స్‌లో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో ఒక పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోటి మూడు బైట్లు. "స్త్రీ" అనేది కంటికి ఒకే అక్షరం. లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుడి, మొత్తం ఆరు కోడ్లు, 18 బైట్లు. అంటే ఒక పేరుకు 85 కోడ్లే హద్దు, అదీ చివరి చుక్క పీడీఎఫ్ కలపకముందు లెక్క. విండోస్ బైట్లు లెక్కపెట్టదు. దాని 255 హద్దులో తెలుగు కోడ్ ఒక్కోటి ఒకటే. అందుకే విండోస్‌లో నిక్షేపంగా ఉన్న "రచయిత పేరు, పుస్తకం పేరు, ముద్రణాలయం, సంవత్సరం" లాంటి పొడవాటి పేరు సర్వర్‌కు ఎక్కేటప్పుడు "ఫైల్ నేమ్ టూ లాంగ్" అని ఆగిపోతుంది. ఆర్‌సింక్ ఆ ఒక్క ఫైలునే వదిలేసి మిగతావి ఎక్కిస్తుంది. చివర్లో ఒక లైను హెచ్చరిక వస్తుంది, చూడకపోతే ఆ పుస్తకం లేకుండానే టోరెంట్ తయారైపోతుంది. ఎక్కించాక రెండు వైపులా ఫైళ్ల సంఖ్య లెక్కించండి:

ఫైండ్ /ఎస్ఆర్‌వీ/షేర్/బుక్స్-2025 -టైప్ ఎఫ్ | డబ్ల్యూసీ -ఎల్

రెండో ఇబ్బంది కంటికి కనపడనిది. "ప్రెస్‌లో" అని రాస్తే పొల్లు విడిగా నిలవడానికి మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (యూ+200సీ) ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని అక్కర్లేని చోట కూడా పెడతాయి. ఒకే పేరున్నట్టు కనిపించే రెండు ఫైళ్లు మీ ఫోల్డర్‌లో ఉంటే కారణం తరచుగా ఇదే. ఒకటి మరొకదానికి నకలేమో ఎస్‌హెచ్ఏ256సమ్‌తో పోల్చి, నకలైతే ఒకటి తీసేయండి.

మూడోది మీకు కాదు, దించుకునేవాళ్లకు. కోలన్, ప్రశ్నార్థకం, డబుల్ కోట్, నిలువు గీత ఉన్న పేర్లు లైనక్స్‌లో చెల్లుతాయి, విండోస్‌లో చెల్లవు. కొన్ని క్లయింట్లు పేరు మార్చుకుని సర్దుకుంటాయి, కొన్ని ఆగిపోతాయి. ముందే పట్టుకోండి:

ఫైండ్ . -నేమ్ '*[:?"<>|]*'

పై ఫోల్డర్ పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఉంచండి. టెర్మినల్‌లో పదేపదే కొట్టాల్సింది అదే. లోపల తెలుగు పేర్లుంటే ఏ ఇబ్బందీ లేదు, ఉండాలి కూడా.

పేర్లు తేలాక అనుమతులు. చదవడం అందరికీ, రాయడం ఎవరికీ వద్దు:

సుడో సీహెచ్‌మోడ్ -ఆర్ ఏ+ఆర్ఎక్స్,ఏ-డబ్ల్యూ /ఎస్ఆర్‌వీ/షేర్/బుక్స్-2025

ఇందులో ఆప్షన్‌గా వచ్చిన ఆర్ పెద్దది, ప్లస్ తరవాతి ఆర్ చిన్నది, దాని పక్కనున్న ఎక్స్ పెద్దది. పెద్ద ఎక్స్ అంటే ఫోల్డర్లకు ప్రవేశం ఇస్తుంది, మామూలు పీడీఎఫ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చదు. రాత హక్కు తీసేయడం చాదస్తం కాదు. టోరెంట్ తయారయ్యాక ఎవరైనా ఒక పీడీఎఫ్ తెరిచి శీర్షిక సరిచేసి సేవ్ చేస్తే చాలు, ఆ ముక్కల వేలిముద్ర మారిపోతుంది. తరవాతి తనిఖీలో డీమన్ "ఈ ముక్కలు నా దగ్గర లేవు" అనుకుని ఇతరుల నుంచి పాతవి తెచ్చుకుని మీ సవరణ మీద రాసేస్తుంది. రాత హక్కు లేకపోతే ఈ ప్రమాదం ఉండదు.

డీమన్ యూజర్ నిజంగా చదవగలడా అని ఇప్పుడే చూడండి:

సుడో -యూ డెబియన్-ట్రాన్స్‌మిషన్ ఎల్ఎస్ /ఎస్ఆర్‌వీ/షేర్/బుక్స్-2025

"పర్మిషన్ డినైడ్" వస్తే నేమ్‌ఐ -ఎల్ అని కొట్టి ఆ దారి ఇవ్వండి. మూల డైరెక్టరీ నుంచి చివరి ఫోల్డర్ వరకు ఒక్కో మెట్టు అనుమతినీ వరసగా చూపిస్తుంది. ఏ మెట్టు దగ్గర ఇతరుల వరసలో ఎక్స్ లేదో అక్కడే అడ్డంకి.

టోరెంట్ తయారీ

హ్యాష్‌లు లెక్కించడానికి మొత్తం 40 జీబీ చదవాలి. సెకనుకు 150 ఎంబీ చదివే డిస్కు మీద నాలుగున్నర నిమిషాలు, క్లౌడ్‌లో నెమ్మది డిస్కు అయితే అరగంట కూడా పట్టవచ్చు. మధ్యలో ఎస్‌ఎస్‌హెచ్ తెగితే పని పోతుంది కాబట్టి ముందు టీమక్స్ తెరిచి అందులో నడపండి:

ట్రాన్స్‌మిషన్-క్రియేట్ -ఎస్ 4096 -ఓ ~/బుక్స్-2025.టోరెంట్ /ఎస్ఆర్‌వీ/షేర్/బుక్స్-2025

-ఎస్ ముక్క పరిమాణం, కిలోబైట్లలో. దీన్ని వదిలేస్తే ప్రోగ్రామే ఎంచుకుంటుంది, అది తప్పేం కాదు. కానీ లెక్క తెలిస్తే మంచిది. 4 ఎంబీ ముక్కలైతే 40 జీబీకి 10,240 ముక్కలు. ఒక్కో హ్యాష్ 20 బైట్లు, కాబట్టి టోరెంట్ ఫైలు దాదాపు 200 కేబీ. అదే 256 కేబీ ముక్కలు పెడితే 1,63,840 ముక్కలు, టోరెంట్ ఫైలే మూడు ఎంబీ దాటుతుంది, మ్యాగ్నెట్ లింక్‌తో (టోరెంట్ ఫైలు బదులు దాని గుర్తింపు మాత్రమే ఉండే లింక్) వచ్చినవాళ్లు అసలు ఫైళ్లకు ముందు దాన్ని దించుకోవాలి. మరీ పెద్ద ముక్కలూ మంచివి కావు. ఒక ముక్క పూర్తిగా వచ్చి హ్యాష్ సరిపోయాకే దాన్ని ఇంకొకరికి ఇవ్వగలరు. 2 ఎంబీపీఎస్ లైను మీద 16 ఎంబీ ముక్కకు నిమిషం పైన పడుతుంది, 4 ఎంబీకి 16 సెకన్లు. 40 జీబీ స్థాయికి 4 ఎంబీ సరిగ్గా సరిపోతుంది. ఎంకేటోరెంట్‌లో ఇదే సంగతి -ఎల్ 22 అని రాస్తారు, రెండు పై 22 అంటే 4 ఎంబీ.

టోరెంట్ ఫైలును పంచే ఫోల్డర్ లోపలే రాయకండి. తరవాత ఎప్పుడైనా మళ్లీ తయారుచేస్తే పాత టోరెంట్ కూడా కొత్తదానిలో చేరిపోతుంది.

ట్రాకర్ ఇవ్వలేదని ఒక హెచ్చరిక రావచ్చు. ట్రాకర్ అంటే ఎవరి దగ్గర ముక్కలున్నాయో చెప్పే సర్వర్. అది లేకపోయినా డీహెచ్‌టీ ద్వారా క్లయింట్లు ఒకరినొకరు వెతుక్కుంటాయి, మొదటిసారి కొన్ని నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే. సొంత ట్రాకర్ కావాలంటే ఓపెన్‌ట్రాకర్ ఉంది. దాన్ని మాత్రం అనుమతి జాబితాతో నడపండి, లేకపోతే లోకంలోని టోరెంట్లన్నీ మీ గుమ్మంలో చేరతాయి. ట్రాకర్ చిరునామా ఇవ్వడానికి -టి.

-పి ఆప్షన్ గురించి ఒక అపోహ ఉంది. దాన్ని పెడితే ఫైళ్లు రహస్యంగా ఉంటాయనుకుంటారు. ఉండవు. అది డీహెచ్‌టీని, పీర్లు (అదే టోరెంట్‌లో ముక్కలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లు) ఒకరి చిరునామాలు ఒకరు చెప్పుకోవడాన్ని ఆపేస్తుంది, అంతే. అప్పుడు ట్రాకర్ ఒక్కటే దిక్కు, అది ఆగితే ఎవరికీ ఎవరూ కనపడరు. మ్యాగ్నెట్ లింక్ చేతికి వచ్చిన ఎవరైనా మామూలు టోరెంట్‌ను దించుకోగలరు, పంచేవాళ్ల ఐపీలు కూడా చూడగలరు. నిజంగా రహస్యమైతే ముందు జీపీజీతో తాళం వేసి, ఆ తాళం వేసిన ఫైలుకు టోరెంట్ చేయండి.

తయారైందాన్ని ట్రాన్స్‌మిషన్-షోతో తెరిచి ఫైళ్ల జాబితా, మొత్తం పరిమాణం చూడండి. అదే కమాండ్‌కు -ఎం ఇస్తే వాట్సాప్‌లో పంపగలిగే మ్యాగ్నెట్ లింక్ ఒక్కటే వస్తుంది.

డీమన్ అమరిక

ఇక్కడ దాదాపు ప్రతి కొత్తవారూ పడే గుంట ఒకటుంది. అమరికలు /ఈటీసీ/ట్రాన్స్‌మిషన్-డీమన్/సెట్టింగ్స్.జేసన్‌లో ఉంటాయి. డీమన్ నడుస్తుండగా దాన్ని మార్చి, ఆ తరవాత రీస్టార్ట్ చేస్తే మీ మార్పులు మాయమవుతాయి. డీమన్ ఆగేటప్పుడు తన మెమరీలో ఉన్న పాత అమరికలను ఆ ఫైలు మీద రాసి మరీ ఆగుతుంది. వరస ఇదీ: ఆపండి, మార్చండి, మొదలుపెట్టండి.

సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ ట్రాన్స్‌మిషన్-డీమన్
సుడో నానో /ఈటీసీ/ట్రాన్స్‌మిషన్-డీమన్/సెట్టింగ్స్.జేసన్
సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ ట్రాన్స్‌మిషన్-డీమన్

మార్చవలసింది ఎక్కువేం లేదు. ఆర్‌పీసీ-పాస్‌వర్డ్ దగ్గర మీ పాస్‌వర్డ్ మామూలుగా రాయండి. డీమన్ మొదలవగానే అది మీసాల బ్రాకెట్‌తో మొదలయ్యే పొడవాటి హ్యాష్‌గా మారిపోతుంది, కంగారుపడకండి. పీర్-పోర్ట్ 51413 ఉంటుంది, ఉండనివ్వండి. ఆర్‌పీసీ-వైట్‌లిస్ట్‌లో 127.0.0.1 తప్ప ఇంకేమీ చేర్చకండి. 9091 పోర్టును బయటికి ఎప్పుడూ తెరవకండి. ఆ పోర్టు మీద 2018లో బయటపడ్డ లోపం ఒకటి, ఏదో వెబ్ పేజీ తెరిచినంత మాత్రాన ట్రాన్స్‌మిషన్‌ను ఇతరుల చేతికిచ్చేది. 2.93లో దాన్ని సరిచేశారు. అయినా తలుపు మూసి ఉండటమే మేలు. బ్రౌజర్‌లో చూడాలనిపిస్తే మీ కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం వేసుకోండి: ఎస్‌ఎస్‌హెచ్‌కు -ఎల్ (పెద్దక్షరం) 9091:లోకల్‌హోస్ట్:9091 ఇచ్చి లాగిన్ అయితే, మీ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:9091 దగ్గర అంతా కనిపిస్తుంది.

51413 మాత్రం బయటికి తెరవాల్సిందే, టీసీపీ, యూడీపీ రెండూ:

సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ 51413/టీసీపీ
సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ 51413/యూడీపీ

క్లౌడ్ సర్వర్ అయితే దీని పైన కంపెనీ వెబ్‌సైట్‌లో ఇంకో ఫైర్‌వాల్ ఉంటుంది, అక్కడ కూడా అవే రెండూ తెరవాలి. ఒక తలుపు తీసి రెండోది మరిచిపోవడం మామూలే. ఈ పోర్టు ఎందుకంత ముఖ్యమంటే, మన దగ్గర చాలా ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్, మొబైల్ నెట్ సీజీనాట్ వెనక ఉంటాయి. ఒకే పబ్లిక్ ఐపీని వందల ఇళ్లు పంచుకుంటాయి, బయటి నుంచి వాళ్లను ఎవరూ నేరుగా పలకరించలేరు. అలాంటి ఇద్దరు ఒకరినొకరు అందుకోవడం కష్టం. అందరూ వచ్చి తట్టగలిగే తలుపు మీ సర్వర్‌దే. అది మూసి ఉంటే గుంటూరులో ఉన్నవాళ్లకీ డాలస్‌లో ఉన్నవాళ్లకీ సున్నా శాతమే కనిపిస్తుంది.

సీడ్ పెట్టడం

పూర్తి ప్రతి దగ్గర ఉంచుకుని ఇతరులకు పంచేదాన్ని సీడ్ అంటారు. పాస్‌వర్డ్‌ను ప్రతి కమాండ్‌లో రాస్తే అదే సర్వర్‌లో ఉన్న ఇతరులకు ప్రాసెస్ జాబితాలో కనిపించవచ్చు. దాని బదులు టీఆర్_ఏయూటీహెచ్ (అన్నీ పెద్దక్షరాలు) అనే వేరియబుల్‌లో యూజర్:పాస్‌వర్డ్ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. లైను మొదట ఒక ఖాళీ వదిలితే ఉబుంటు, డెబియన్‌ల మామూలు బ్యాష్‌లో అది హిస్టరీకి ఎక్కదు. ఇకమీదట -ఎన్ఈ ఇస్తే చాలు:

ట్రాన్స్‌మిషన్-రిమోట్ -ఎన్ఈ -ఏ ~/బుక్స్-2025.టోరెంట్ -డబ్ల్యూ /ఎస్ఆర్‌వీ/షేర్

-డబ్ల్యూ తరవాతి దారిని ఇంకోసారి చూడండి. బుక్స్-2025 వరకు రాయలేదు, దాని పై ఫోల్డర్ దగ్గర ఆగాం. టోరెంట్ లోపలే బుక్స్-2025 అనే పేరు ఉంది, డీమన్ దాన్ని తానే కలుపుకుంటుంది. మీరూ రాస్తే అది బుక్స్-2025 లోపల ఇంకో బుక్స్-2025 కోసం వెతికి, దొరక్క, సున్నా నుంచి దించుకోవడం మొదలుపెడుతుంది. ఈ మొత్తం పనిలో ఎక్కువమంది తప్పు చేసేది ఈ ఒక్క ఆప్షన్ దగ్గరే.

ట్రాన్స్‌మిషన్-రిమోట్ -ఎన్ఈ -ఎల్

ఇది జాబితా చూపిస్తుంది. మొదట వెరిఫైయింగ్ అని ఉంటుంది, డీమన్ 40 జీబీని మళ్లీ చదివి హ్యాష్‌లు పోల్చుకుంటోంది. తరవాత డన్ కింద 100%, స్టేటస్ కింద సీడింగ్ లేదా ఐడిల్ రావాలి. ఐడిల్ అంటే చెడిపోయిందని కాదు, ఈ క్షణాన అడిగేవాళ్లు లేరని. డౌన్‌లోడింగ్ అని ఉండి 0% కనిపిస్తే దారి తప్పు. వెంటనే ఆపి (-టి 1 -ఎస్, ఈ ఎస్ పెద్దది), -టి 1 --ఫైండ్ /ఎస్ఆర్‌వీ/షేర్ అని సరైన చోటు చెప్పి, -టి 1 -వీ తో మళ్లీ తనిఖీ చేయించి, చిన్న ఎస్‌తో మొదలుపెట్టండి. 100% బదులు 99.8% దగ్గర ఆగితే, టోరెంట్ చేశాక ఏదో ఫైలు మారింది. ఏ ఫైలో -టి 1 -ఎఫ్ చూపిస్తుంది.

పోర్టు తెరుచుకుందో లేదో -పీటీ చెబుతుంది. అందులో "నో" వస్తే ముందు ఎస్ఎస్ -టీయూఎల్ఎన్ కొట్టి డీమన్ 51413 మీద వింటోందో చూడండి. వింటోంటే అడ్డు ఫైర్‌వాల్‌ది, వినకపోతే డీమన్‌ది.

అసలు పరీక్ష మాత్రం ఇంకో కంప్యూటర్ నుంచే. ఇంట్లో ల్యాప్‌టాప్‌లోనో, ఫోన్ డేటా మీదనో మ్యాగ్నెట్ లింక్ పెట్టి ఒక చిన్న పుస్తకం మాత్రం దించి చూడండి. అది పూర్తిగా వచ్చి తెరుచుకున్నాకే లింక్ అందరికీ పంపండి.

బ్యాండ్‌విడ్త్ లెక్క

ట్రాన్స్‌మిషన్-రిమోట్‌కు -యూ తరవాత ఇచ్చే అంకె సెకనుకు కిలోబైట్లు, బిట్లు కాదు. -యూ 5000 అంటే 5 ఎంబీ, అంటే 40 ఎంబీపీఎస్. ఆ వేగంతో నెలంతా నడిస్తే దాదాపు 13 టీబీ బయటికి పోతుంది. నెలకు 1 టీబీ హద్దున్న సర్వర్ అయితే 385 కేబీ దగ్గర కట్టేయాలి. కానీ మొదటి వారం గొంతు నొక్కేయకండి. అప్పుడు పూర్తి ప్రతి ఉన్నది మీ దగ్గర ఒక్కచోటే, బయట నాలుగైదు పూర్తి ప్రతులు నిలిచేదాకా అందరి వేగమూ మీ వేగమే. మొదట 5000 ఇచ్చి, జనం దగ్గర ప్రతులు పెరిగాక 300కి దించడం సబబు. నెల వాడకం చూడటానికి వీఎన్‌స్టాట్ -ఎం.

సర్వర్‌లో వెబ్‌సైట్ కూడా నడుస్తుంటే వెబ్ సీడ్ జోడించవచ్చు. ఎంజిన్‌ఎక్స్‌తో /ఎస్ఆర్‌వీ/షేర్‌ను చూపించి, టోరెంట్ తయారీలో -డబ్ల్యూ తో ఆ యూఆర్ఎల్ ఇస్తే, పీర్లు లేనప్పుడు క్లయింట్లు అక్కడి నుంచి తెచ్చుకుంటాయి. ఫోల్డర్ టోరెంట్ అయితే యూఆర్ఎల్ చివర స్లాష్ తప్పనిసరి, ఇక్కడా పై ఫోల్డర్ దగ్గరే ఆగాలి. ట్రాన్స్‌మిషన్-క్రియేట్‌లో ఈ ఆప్షన్ 4.0 నుంచే ఉంది. డెబియన్ 12 వాళ్లు ఎంకేటోరెంట్ వాడండి. వెబ్ సీడ్ నుంచి పోయే ప్రతి బైటూ మీ ఖాతాలోదే, ట్రాన్స్‌మిషన్ వేగపు హద్దు దానికి వర్తించదని గుర్తుంచుకోండి.

నెలలు గడిచాక

ఫైళ్లు విడి వాల్యూమ్ మీద ఉంటే రీబూట్ తరవాత ఒకరోజు "నో డేటా ఫౌండ్" అనే తప్పు కనిపిస్తుంది. వాల్యూమ్ ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు జతపరచాల్సిన డిస్కుల జాబితాలో) లేదు, లేదా అది జతపడేలోపే డీమన్ లేచింది. మొదటిదాన్ని ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో చేర్చి సరిచేయండి. రెండోదానికి సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ట్రాన్స్‌మిషన్-డీమన్ తెరిచి, [యూనిట్] కింద (మొదటి అక్షరం పెద్దది) రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్=/ఎస్ఆర్‌వీ/షేర్ అని ఒక లైను రాయండి, ఇందులో ఆర్, ఎం, ఎఫ్ పెద్దక్షరాలు. ఇకపై వాల్యూమ్ వచ్చేదాకా డీమన్ ఆగుతుంది.

కొత్త పుస్తకాలు చేరాయా? పాత టోరెంట్‌ను మార్చడం కుదరదు, కొత్తది చేయాలి. 40 జీబీని రెండోసారి నకలు తీయనక్కర్లేదు. సుడో సీపీ -ఏఎల్ బుక్స్-2025 బుక్స్-2026 అంటే హార్డ్ లింకులతో (అవే ఫైళ్లకు రెండో పేరు) కొత్త ఫోల్డర్ వస్తుంది, డిస్కు దాదాపు పట్టదు. కొత్త ఫోల్డర్లకు మాత్రం రాత హక్కు ఇచ్చి పుస్తకాలు చేర్చి మళ్లీ తీసేయండి. పాత పుస్తకాన్నే సవరించాలంటే ఆ ఫైలును అక్కడే తెరిచి మార్చకండి, రెండు ఫోల్డర్లలోనూ మారిపోతుంది. సరిచేసిన ప్రతిని వేరే పేరుతో తెచ్చి ఎంవీతో దాని స్థానంలో పెట్టండి. ఆర్‌సింక్ కూడా మామూలుగా అలాగే చేస్తుంది, --ఇన్‌ప్లేస్ ఇవ్వనంతవరకు. పాతదాన్ని దించుకున్నవాళ్లు బుక్స్-2025ను బుక్స్-2026గా పేరు మార్చి కొత్త టోరెంట్‌ను అదే చోట చూపిస్తే చాలావరకు ఉన్న ముక్కలే సరిపోతాయి. ఈ మాట లింక్‌తో పాటే రాయండి, లేకపోతే తెలియక అందరూ 40 జీబీ మళ్లీ దించుకుంటారు.

సర్వర్ ఖాళీ చేయాల్సి వస్తే ముందు బయట పూర్తి ప్రతులున్నాయో తేల్చుకోండి. మీ పీర్ల జాబితా (-టి 1 -ఐపీ) దీనికి పనికిరాదు. రెండు సీడ్లకు ఒకదానితో ఒకటి పనిలేదు కాబట్టి కనెక్షన్ తెంపుకుంటాయి, 100% ఉన్నవాళ్లు అందులో సాధారణంగా కనపడరు. పెద్ద ఎస్‌తో రెండు రోజులు టోరెంట్ ఆపి, ఇంటి కంప్యూటర్‌లో ఖాళీ ఫోల్డర్‌కు కొత్తగా దించి చూడండి. పూర్తయితే బయట ప్రతులు బతికి ఉన్నట్టే. అప్పుడు -టి 1 -ఆర్ తో తీసేయండి, టోరెంట్ పోతుంది, ఫైళ్లు డిస్కు మీదే ఉంటాయి. దాని పక్కనే ఉన్న -ఆర్ఏడీ మాత్రం ఫైళ్లను కూడా తుడిచేయమని చెప్పే ఆజ్ఞ, నిర్ధారణ అడగదు.